బ్రూట్‌తో కేకు: తప్పు వైన్‌దా, మనదా?

అరటికాయ_బజ్జీ:
మొన్న శనివారం బావగారి 50వ పుట్టినరోజు. స్పెయిన్ కావా (బుడగలొచ్చే వైన్) తెచ్చాం, సీసా మీద బ్రూట్ అని ఉంది, అంటే తీపి తక్కువ రకం. కేకు కోయగానే తలా ఒక గ్లాసు పోశాం. ఒక్క గుక్కకే అక్క మొహం చిట్లించి "ఇది పాడైపోయిందేమోరా, నిమ్మరసంలా ఉంది" అంది. అరగంట తర్వాత అదే సీసా వేడి వేడి బజ్జీలతో తాగితే హాయిగా దిగింది. నేననేది ఒక్కటే: కేకుతో బ్రూట్ పొయ్యడం మానేద్దాం. కాదనేవాళ్లు చెప్పండి.

పాత_సీసా:
నేను కాదంటాను. వేడుకంటేనే కేకూ, బుడగలూ. ప్రతి గుక్కా రుచి చూసుకుంటూ కూర్చుంటే అది పార్టీ కాదు, ప్రాక్టికల్ పరీక్ష. ఫ్రాన్స్‌లో షాంపేన్ సీమలోని రీమ్స్ ఊళ్లోనే గులాబి రంగు తియ్యటి బిస్కెట్‌ని షాంపేన్‌లో ముంచుకు తింటారు. వాళ్లకి తెలియదా? బ్రూట్ కాస్త వగరు, అలవాటు పడాలి, అంతే.

నాసిక్_మకాం:
ముందు ఆ "వగరు" సంగతి తేల్చాలి. వగరంటే పచ్చి అరటికాయ, సగం పండిన నేరేడు. నాలుకని పట్టేస్తుంది. వైన్‌కి అది ఎక్కువగా తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తుంది. స్పార్క్లింగ్ వైన్‌కి ద్రాక్షని మెల్లగా పిండి తొక్కల్ని వెంటనే వేరు చేస్తారు కాబట్టి అది దాదాపు ఉండదు. అక్కగారికి తగిలింది పులుపు. ఈ వైన్ కోసం కాయని కాస్త ముందే కోస్తారు, అందుకే పచ్చి మామిడిలా ఉంటుంది. కావా, షాంపేన్‌లని సీసాలోనే ఈస్ట్‌తో నెలల తరబడి ఉంచుతారు (కావాకి కనీసం 9, షాంపేన్‌కి 12). బాగా నానిన సీసాలో అప్పుడే కాల్చిన బన్ను వాసన ఆ ఈస్ట్‌దే. ఇటలీ బుడగల వైన్ ప్రోసెక్కోకి, బుడగలు పుట్టించే రెండో పులియబెట్టడం ఎక్కువగా పెద్ద ట్యాంకుల్లో జరుగుతుంది, అందుకే అందులో పండు వాసనే ముందుంటుంది.

బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర. మామూలు సీసాలో మహా అయితే 9 గ్రాములు, రెండు చెంచాలు. లడ్డూ తిని టీ తాగి చూడండి, చక్కెర వెయ్యలేదేమో అనిపిస్తుంది. కేకు ముందు బ్రూట్‌కి జరిగేదీ అదే. తీపి పోయి పులుపు ఒక్కటే మిగులుతుంది.

బిస్కెట్ మాట నిజమే. కానీ చిన్న బిస్కెట్ ముక్క వేరు, వేలెడు మందం క్రీమ్ వేరు. 19వ శతాబ్దంలో షాంపేన్ బాగా తియ్యగా ఉండేది, రష్యాకి వెళ్లేది మరీ తీపి. భోజనం చివర స్వీటుతో తాగే అలవాటు అప్పటిది. పొమ్మెరీ అనే షాంపేన్ కంపెనీ వాళ్లు బ్రూట్ తెచ్చింది 1874లో. వైన్ మారింది, అలవాటు మిగిలింది. కేకుతోనే తాగాలంటే డెమి సెక్ అనే తియ్యటి రకం కొనండి, లీటరుకి 32 నుంచి 50 గ్రాముల చక్కెర. ఎక్స్‌ట్రా డ్రై (డ్రై అంటే తీపి లేనిదని) అని చూసి మోసపోకండి, అది బ్రూట్ కంటే తియ్యనిది!

కారప్పొడి:
కేకు సరే, చికెన్ 65 మాటేంటి? నేను తాగాను, నోరంతా మంట.

నాసిక్_మకాం:
బుడగల చురుకూ, మిరప మంటా నాలుక మీద ఒకే రకం నరాలకి తగులుతాయండీ. ఆ పైన ఆల్కహాల్, ఇక మంట రెట్టింపు. బ్రూట్‌కి ఉప్పూ నూనే కావాలి, కారం కాదు. చేగోడీలు, ఉప్పు జీడిపప్పు, అప్పడం, మిరియాలు తక్కువేసిన రొయ్యల వేపుడు. నూనె జిడ్డుని పులుపు కడిగేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి 8 డిగ్రీల దగ్గర పొయ్యండి.

పాత_సీసా:
సరే, బజ్జీల వరకూ ఒప్పుకుంటున్నా. కేకు మాత్రం మా ఇంట్లో బ్రూట్‌తోనే, మా పిల్లలకి ఆ మూత ఎగరడం చాలు.

అరటికాయ_బజ్జీ:
ఈ పేజీ అక్కకి చదివి వినిపించాను. "అయితే ఇంకోసారి కేకే మానేయండి" అంది.