'విత్ ది రెడ్ బార్డర్' ఏ ఫ్రేజ్? తప్పు కీదా, నాదా?

ఎస్జీటీ_కల
అందరికీ నమస్తే. డీఎస్సీకి ఇది రెండోసారి. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో టెన్సులూ వాయిసులూ ఎలాగోలా గట్టెక్కాను, ఫ్రేజుల దగ్గర, అంటే పదబంధాల దగ్గర బండి ఆగిపోయింది. మూడు డౌట్లు.

మొన్న ఒక మాక్ టెస్టులో 'ది శారీ విత్ ది రెడ్ బార్డర్ ఈజ్ మైన్' అని ఇచ్చి, 'విత్ ది రెడ్ బార్డర్' ఏ ఫ్రేజ్ అని అడిగారు. అడ్జెక్టివ్ ఫ్రేజ్ అని పెట్టాను. కీలో ప్రిపొజిషనల్ ఫ్రేజ్ అని ఉంది. మా సార్ నాదే కరెక్ట్ అంటున్నారు. టెస్టు పెట్టినవాళ్లు కీ మార్చం అంటున్నారు.

రెండోది: జెరండ్, పార్టిసిపిల్, ఇన్ఫినిటివ్ ఫ్రేజుల్ని తేలిగ్గా పట్టుకునేదెలా?

మూడోది: అబ్సొల్యూట్ ఫ్రేజ్ అంటే ఏమిటి? దయచేసి తెలుగులో చెప్పండి.

పాలమూరు_తమ్ముడు
అక్కా, ప్రిపొజిషన్‌తో మొదలైతే ప్రిపొజిషనల్ ఫ్రేజ్. అంతే. టెట్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. ఒక్క బిట్టు దగ్గర కూర్చుని చీర అంచు లెక్కపెడితే లెక్కల బిట్లు ఎవరు చేస్తారు?

రిటైర్డ్_హెచ్‌ఎం
ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, చెబుతున్నాను. ఏ చీర? ఎర్ర అంచున్న చీర. చీర అనే నామవాచకాన్ని వర్ణిస్తోంది కాబట్టి అది విశేషణం పని చేస్తోంది, అడ్జెక్టివ్ ఫ్రేజే. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం చదివిన ఏ తరం వాళ్లనడిగినా ఇదే చెబుతారు. అమ్మాయ్, మీ సార్ చెప్పింది సరైనది. ఈ కాలం మాక్ టెస్టులు తయారుచేసేవాళ్లకు పుస్తకం తెరిచే ఓపిక లేదు.

పాలమూరు_తమ్ముడు
సార్, మరి 'విత్' ప్రిపొజిషన్ కాదా?

రిటైర్డ్_హెచ్‌ఎం
కాదని ఎవరన్నారు? మొదటి పదం చూసి పేరు పెట్టడం, చొక్కా రంగు చూసి కులం చెప్పడం లాంటిది. ఫ్రేజు ఏ పని చేస్తోందో చూడాలి.

డెస్క్_మూర్తి
పోలిక కొంచెం చూసి వాడండి మాస్టారూ.

సీఫెల్_పాతకాపు
ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు. నేను సీఫెల్‌లో పీజీ డిప్లొమా చేశాను, హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషలు చెప్పే ఆ సంస్థనే ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. ఆధునిక వ్యాకరణంలో ఫ్రేజుకు పేరు దాని ముఖ్యపదాన్ని, అంటే హెడ్‌ను బట్టి వస్తుంది. హెడ్ నామవాచకమైతే నౌన్ ఫ్రేజ్. అడ్జెక్టివైతే అడ్జెక్టివ్ ఫ్రేజ్, అంటే 'వెరీ ప్రౌడ్ ఆఫ్ హర్ డాటర్' లాంటివి. 'విత్ ది రెడ్ బార్డర్'లో హెడ్ 'విత్'. కనుక రూపంలో అది ప్రిపొజిషనల్ ఫ్రేజే, ఇంకో మాటే లేదు. క్వర్క్ బృందం 1985లో వేసిన పెద్ద గ్రామర్ ఒక్కసారి తిరగేస్తే ఈ గొడవలేవీ ఉండవు. అది 1,700 పేజీల పైమాటే, మాక్ టెస్టులవాళ్లు చదువుతారని నేననను.

రిటైర్డ్_హెచ్‌ఎం
పదో తరగతి పిల్లలకు 1,700 పేజీల పుస్తకం చెప్పి చూడండి నాయనా. మీది సీఫెల్, మాది గోడలు నెర్రెలిచ్చిన జిల్లా పరిషత్ హైస్కూలు.

డల్లాస్_అమ్మ
మా అబ్బాయి ఇక్కడ మిడిల్ స్కూల్. వాళ్ల టీచర్ దీన్ని 'ప్రిపొజిషనల్ ఫ్రేజ్ యాక్టింగ్ యాజ్ యాన్ అడ్జెక్టివ్' అని చెప్పింది. రెండు పేర్లూ ఒకేసారి! వాక్యాన్ని గీతల మీద బొమ్మలా గీయిస్తారు కూడా. రీడ్, కెల్లాగ్ అనే ఇద్దరు మాస్టర్లు 1877లో పెట్టిన పద్ధతట. చీర గీత మీద, దాని కింద ఏటవాలుగా 'విత్', దాన్ని పట్టుకుని 'బార్డర్'. చూడగానే తెలిసిపోతుంది ఎవరు ఎవరికి వేలాడుతున్నారో. మా చిన్నప్పుడు విజయనగరంలో ఇలా చెప్పి ఉంటే నేను ఇంగ్లిష్‌లో 41 మార్కులతో బయటపడేదాన్ని కాదు.

పాలమూరు_తమ్ముడు
మేడమ్, ఆ మాక్ టెస్టు ఆప్షన్లలో రెండూ విడివిడిగా ఉన్నాయి. ఏది టిక్ పెట్టాలి?

నర్సమ్మ_లండన్
నేనైతే ఒక్క ఫ్రేజు పేరు తెలియకుండా నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ పాసయ్యాను. వార్డులో పేషెంటు నన్ను జెరండ్ అడగడు. మాట్లాడటం నేర్చుకోండి, ఈ పేర్లన్నీ దండగ.

ఎస్జీటీ_కల
అక్కా, మీకు దండగే. నాకు ఉద్యోగం ఈ పేర్ల మీదే ఉంది. ఒక్క మార్కు తేడాలో ఎంతమంది ఉంటారో మీకు తెలియదు. పోయినసారి నేను పోగొట్టుకున్నది 0.6తో.

నర్సమ్మ_లండన్
సారీ చెల్లీ, నొప్పించాలని కాదు.

డెస్క్_మూర్తి
పేర్లు దండగ అన్నారు కాబట్టి నా గోడు వినండి. పత్రికలో చేరిన కొత్తలో వార్తా ఏజెన్సీ కాపీ అనువదిస్తూ 'స్పీకింగ్ ఎట్ ది మీటింగ్...' అని మొదలైన ప్రతిదాన్నీ కళ్లు మూసుకుని 'సభలో మాట్లాడుతూ' అని కొట్టేవాణ్ణి. ఒకరోజు 'సభలో మాట్లాడుతూ కరెంటు పోయింది' అని రాశాను. డెస్క్ ఇన్‌ఛార్జి నా టేబుల్ దగ్గరకొచ్చి, "ఏమయ్యా, కరెంటు ఏమని మాట్లాడింది?" అని అందరి ముందూ అడిగారు. పార్టిసిపిల్ ఫ్రేజుకు కర్త ఎవరో చూసుకోవాలని ఆరోజు తెలిసింది. ఇంగ్లిష్‌లో 'వాకింగ్ డౌన్ ది రోడ్, ఎ డాగ్ బిట్ మి' అన్నా ఇదే తప్పు, నడిచింది కుక్క అయిపోతుంది. తెలుగులో మనకు 'నడుస్తూ' వేరు, 'నడుస్తుంటే' వేరు. 'నడుస్తుంటే కుక్క కరిచింది' అంటే పేచీ లేదు. తెలుగులో పనులు రెండూ ఒకరే చేస్తేనే 'నడుస్తూ', 'తిని' లాంటి అసమాపక క్రియ వాడాలి, గుర్తుపెట్టుకోండి.

గోదారి_గట్టు
మూర్తిగారూ, చివరి వాక్యం తప్పు. 'వానలు కురిసి చెరువులు నిండాయి.' కురిసింది వానలు, నిండింది చెరువులు. కర్తలు ఇద్దరు. దీన్ని తప్పు తెలుగు అంటారా?

డెస్క్_మూర్తి
అది వాడుకలో చెల్లిపోతోంది. నేను చెప్పింది నియమం.

గోదారి_గట్టు
వాడుకలో చెల్లాక ఇంకా నియమం ఎవరి కోసం? 'దెబ్బ తగిలి రక్తం కారింది', 'గాలి వీచి దీపం ఆరింది'. మా ఊళ్లో పాలేరు నుంచి పంతులు దాకా అందరూ ఇలాగే అంటారు. మొదటిది రెండోదానికి కారణమైతే కర్తలు వేరైనా ఫర్వాలేదు. అందుకే 'కాఫీ తాగి బస్సు వెళ్లిపోయింది' అంటే నవ్వొస్తుంది, 'వానలు కురిసి' అంటే రాదు.

డెస్క్_మూర్తి
ఇరవై రెండేళ్లుగా తెలుగు రాసి అన్నం తింటున్నాను. నాకు వ్యాకరణం చెప్పక్కర్లేదు.

గోదారి_గట్టు
నేను ఇరవై రెండేళ్లుగా రొయ్యల చెరువు చేస్తున్నాను. అయినా చెప్పాను.

సీఫెల్_పాతకాపు
గోదారి గారు చెప్పిందే సరైనది. మళ్లీ దారిలోకొద్దాం. వెర్బ్ ఫ్రేజ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 'హ్యాజ్ బీన్ రీడింగ్ ది పేపర్'లో వెర్బ్ ఫ్రేజ్ ఎంతవరకు? క్వర్క్ లెక్కలో 'రీడింగ్' దగ్గర ఆగిపోతుంది. భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ దారిలో వెళ్లేవాళ్లకు 'పేపర్' కూడా లోపలే.

రిటైర్డ్_హెచ్‌ఎం
చూశారా, మీ ఆధునికులకే ఒక మాట లేదు. ఇక మా పాత పుస్తకం మీద పడతారెందుకు?

సీఫెల్_పాతకాపు
సార్, మీ పుస్తకం తప్పని నేను ఎక్కడా అనలేదు. అది పనిని బట్టి పేరు పెట్టింది. ఇది ఆకారాన్ని బట్టి పెట్టింది.

డల్లాస్_అమ్మ
నేను మొదటే చెప్పాను.

చీరాల_టీచర్
ఇప్పుడే చూశాను. అమ్మా ఎస్జీటీ, నేను మూడేళ్ల కిందట సెలెక్ట్ అయ్యాను. నేను పిల్లలకు ఇలా చెబుతాను. 'ఐ బాట్ ది శారీ విత్ ది రెడ్ బార్డర్ విత్ మై బోనస్.' రెండు 'విత్'లు. మొదటిది తీసి చూడు, ఏ చీరో తెలియకుండా పోతుంది. అది చీర తాలూకు, అడ్జెక్టివ్ పని. రెండోది తీస్తే ఎలా కొన్నావో తెలియదు. అది కొనడం తాలూకు, అడ్వర్బ్ పని. ఆకారంలో మాత్రం రెండూ ప్రిపొజిషనల్ ఫ్రేజులే. తెలుగులోకి తెచ్చుకుంటే ఇంకా తేలిక: 'ఎర్రంచు చీర', 'బోనస్‌తో కొన్నాను'. తెలుగులో రెండూ ఒకలా లేవు కదా.

పరీక్షలో ఆప్షన్లలో అడ్జెక్టివ్, అడ్వర్బ్, నౌన్ ఫ్రేజులు మాత్రమే ఇస్తే పనిని అడుగుతున్నట్టు. ప్రిపొజిషనల్, నౌన్, వెర్బ్ అని ఇస్తే ఆకారాన్ని. రెండూ కలిపి ఇచ్చారంటే ప్రశ్న వేసినవాడిదే తప్పు. అసలు పరీక్షలో అలా వస్తే ప్రాథమిక కీ మీద అభ్యంతరం పెట్టు, పుస్తకం పేజీ జతచేసి. మాక్ టెస్టు మీద మాత్రం టైం పాడుచేసుకోకు.

ఇక రెండో డౌట్. తెలుగు చేసి చివర చూడు. 'స్విమ్మింగ్ ఇన్ ది కెనాల్ ఈజ్ డేంజరస్': కాలవలో ఈదడం. 'డం' వస్తే జెరండ్. 'ది బాయ్ స్విమ్మింగ్ ఇన్ ది కెనాల్': ఈదుతున్న కుర్రాడు. 'న్న' గానీ 'తూ' గానీ వస్తే పార్టిసిపిల్. 'డానికి' వస్తే ఇన్ఫినిటివ్.

పాలమూరు_తమ్ముడు
మేడమ్, 'ఐ వాంట్ టు ఈట్ ఎ మ్యాంగో'? మామిడిపండు తినాలని ఉంది. 'డానికి' ఎక్కడ?

చీరాల_టీచర్
దొరికిపోయాను. 'డానికి', 'ఆలని' రెండూ రాసుకోండి. 'టు' పక్కన క్రియ కనబడుతూనే ఉంటుంది కాబట్టి దానికి తెలుగు దాకా పోనక్కర్లేదు. కాకపోతే 'ఐ యామ్ యూజ్డ్ టు వాకింగ్' లాంటి చోట జాగ్రత్త. అక్కడ 'టు' ప్రిపొజిషన్, 'వాకింగ్' జెరండ్. ఇలాంటిదే ఒకటి నేను పరీక్షలో తప్పు పెట్టి, సెంటర్ నుంచి బస్టాండ్ దాకా ఏడ్చుకుంటూ వెళ్లాను.

ఎస్జీటీ_కల
మేడమ్, మీకు దండం. ఇన్నాళ్లకు అర్థమైంది. ఇంక అబ్సొల్యూట్ ఫ్రేజ్ ఒక్కటే మిగిలింది. ఎవరూ ముట్టుకోలేదు.

డెస్క్_మూర్తి
అది పరీక్షలకు రాదులెండి.

గోదారి_గట్టు
అంటే ఏమిటసలు? చెప్పేది వినడానికే అడుగుతున్నాను.

సీఫెల్_పాతకాపు
పార్టిసిపిల్ ఫ్రేజుకు సొంత కర్త ఉండదు, ముఖ్య వాక్యం కర్తనే వాడుకుంటుంది. అబ్సొల్యూట్ ఫ్రేజుకు కర్త సొంతంగా ఉంటుంది, పూర్తి క్రియ మాత్రం ఉండదు. ముఖ్య వాక్యంలో ఏ ఒక్క పదానికీ అతుక్కోకుండా, మొత్తం వాక్యం పక్కన నిలబడుతుంది. 'ది రెయిన్స్ హ్యావింగ్ ఫాలెన్, ది ట్యాంక్స్ ఫిల్డ్ అప్.'

గోదారి_గట్టు
ఆగండాగండి. అది నా వాక్యమే కదా! వానలు కురిసి చెరువులు నిండాయి.

సీఫెల్_పాతకాపు
మీదే. తెలుగులో చెప్పడానికి అంతకంటే మంచిది నాకు దొరకలేదు.

డెస్క్_మూర్తి
సరే, 'వానలు కురిసి' వరకు ఒప్పుకుంటున్నాను. 'గాలి వీచి దీపం ఆరింది' మాత్రం నా పేజీలో పెట్టను.

గోదారి_గట్టు
మరి ఎలా రాస్తారు? 'వీచగా' అంటారా?

కొత్త_మెంబర్_రాజు
ఫ్రెండ్స్, ఫ్రేజులకూ క్లాజులకూ తేడా ఏంటి? ఎవరి దగ్గరైనా పీడీఎఫ్ ఉంటే పెట్టండి ప్లీజ్.