మరక కనబడితే మంచం దిగకూడదా?

జమ్మలమడుగు కోడలు:
నెల తప్పి ఆరు రోజులు. ఇంట్లో పరీక్ష చేసుకుంటే రెండు గీతలు వచ్చినాయి. నిన్న పొద్దున గుడ్డకు రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక, సాయంత్రం తుడుచుకుంటే లేత గులాబీ రంగు. నొప్పి లేదు. మా అత్త కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టింది. మూడో నెల దాటేదాకా మంచం దిగొద్దంటాంది. ప్రొద్దుటూరికి బస్సులో పోతే ఆ కుదుపులకే కడుపు పోతుందని ఆమె భయం. మా అమ్మేమో ఫోన్లో ‘ఇప్పుడే పోయి చూపించుకో’ అంటాంది. ఇద్దరూ నా మంచికే చెప్తాండారు. పడుకోవాల్నా, పోవాల్నా?

ఆదోని పెద్దమ్మ:
పడుకో బిడ్డా. నా రెండో కాన్పుకు ఇట్లే కనబడింది. మా జేజి ఇరవై రోజులు నన్ను పొయ్యి దగ్గరికి కూడా రానీలే. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతాంది. డాక్టర్లను కాదనను. కానీ మన ఇండ్లల్లో కోడలు తెల్లారకముందే లేచి బిందెలు మోస్తాంటే అడిగేవాళ్లెవరు? ఈ మరక పేరు చెప్పుకొనైనా పది రోజులు నడుము వాలుస్తుందంటే దాన్ని కూడా వద్దంటారా?

అనంతపురం నర్సు:
పెద్దమ్మా, బిందెలు మోయొద్దనే మాట నాది కూడా. అలసటగా ఉంటే పడుకోవాల్సిందే. కానీ మంచం కడుపును నిలబెట్టదు. పూర్తిగా పడుకోబెట్టినోళ్లను, మామూలుగా తిరిగినోళ్లను పోల్చి చూసిన పరిశోధనల్లో తేడా కనబడలేదు. మీ జేజి పడుకోబెట్టకపోయినా ఆ పిల్ల పుట్టేదేమో. ఎందుకంటే నలుగురైదుగురు గర్భిణుల్లో ఒకరికి మొదటి మూడు నెలల్లో ఎంతో కొంత రక్తం కనబడుతుంది, వాళ్లలో సగానికి పైగా మందికి కడుపు నిలబడుతుంది. పిండం గర్భసంచి గోడకు అంటుకునే రోజుల్లో కొందరికి రెండు చుక్కలు పడతాయి. గర్భసంచి ముఖద్వారం ఈ రోజుల్లో సున్నితంగా ఉంటుంది, భార్యాభర్తలు కలిసిన తర్వాత కూడా కొంచెం రావచ్చు. నిలబడనివాటిలో దాదాపు సగం క్రోమోజోముల తేడాతో పోయేవే. ఆ తేడా బస్సు కుదుపుతో వచ్చేది కాదమ్మా.

జమ్మలమడుగు చెల్లెలా, ఇప్పుడు తేల్చుకోవాల్సింది పిండం ఎక్కడ కూర్చుందనేది. వందలో ఒకరిద్దరికి గర్భసంచిలో కాకుండా, అండం వచ్చే దారిలో ఉండే ట్యూబులో కూర్చుంటుంది. అప్పుడు కూడా రెండు గీతలే వస్తాయి, మరక కూడా ఇట్లే ఉంటుంది. చివరి ముట్టు మొదలైన రోజు నుంచి లెక్కేస్తే నీకిది అయిదో వారం. స్కానింగులో ఇప్పుడే ఏమీ కనబడకపోవచ్చు, దానికి బెంబేలు పడొద్దు. రెండు రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి బీటా హెచ్‌సీజీ, అంటే కడుపు వచ్చినప్పుడు పెరిగే హార్మోను, చూస్తారు, అంకె పెరిగే తీరును బట్టి కొంత తెలుస్తుంది. గుండె కొట్టుకోవడం ఆరో వారం దాటినాక కనబడుతుంది. నీ రక్తం గ్రూపు కూడా తెలుసుకో. నెగెటివ్ అయితే డాక్టరుకు ముందే చెప్పు, యాంటీ-డి ఇంజెక్షన్ కావాల్నా వద్దా వాళ్లు చూస్తారు.

కడప నుంచి ఒక భర్త:
మా ఇంటామెకు డాక్టరే పూర్తి విశ్రాంతి అని చీటీలో రాసినారు, కడుపు నిలబడడానికని ప్రొజెస్టరాన్ అనే హార్మోను మాత్రలు కూడా ఇచ్చినారు. ఆ రెండూ తప్పేనా?

అనంతపురం నర్సు:
మాత్రల సంగతి వేరు అన్నా. బ్రిటన్‌లో 4,153 మంది మీద చేసి 2019లో ఫలితాలు చెప్పిన పరీక్షలో, ప్రొజెస్టరాన్ వాడినోళ్లలో 75 శాతం మందికి, మందు లేని ఉత్త మాత్ర వాడినోళ్లలో 72 శాతం మందికి బిడ్డలు దక్కినారు. అది పెద్ద తేడా కాదన్నారు. కానీ ముందు కడుపులు పోయి, ఇప్పుడు మళ్లీ రక్తం కనబడినోళ్లకు మేలు కనబడింది. మీ ఆమెకు ముందు ఏమైనా పోయి ఉంటే ఆ డాక్టరు ఇచ్చింది సరైనదే. అందరికీ ఒకే మాత్ర అంటేనే నాకు ఒప్పుదల కాదు.

కర్నూలు చెల్లెలు:
నేను చెప్పకుండా ఉండలేను. నాకు కూడా గోధుమరంగు మరకే. మొదట చూపించుకున్నచోట స్కానింగ్ లేకుండానే విశ్రాంతి అన్నారు. ఎడమ పక్క పొత్తికడుపులో పట్టేసినట్టుండేది, తర్వాత భుజం మీద సలుపు మొదలైంది. గ్యాసు అనుకున్నాం, వాము నమిలినా. నాలుగు రోజులు మంచం మీదే. అయిదో రోజు లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మి తలుపు పట్టుకొని జారిపోయినా. 108లో తీసుకపోయినారు. ట్యూబు పగిలింది, కడుపు నిండా రక్తం. ఆపరేషన్ చేసి ఆ ట్యూబు తీసేసినారు. విశ్రాంతి నన్ను చంపలేదు, నిజమే. కానీ పడుకున్నా కదా అనే ధైర్యంతో ఆ నాలుగు రోజులు పోగొట్టుకున్నా.

ఆదోని పెద్దమ్మ:
భుజం సలుపుకూ కడుపుకూ సంబంధం ఉంటుందని నాకు ఇన్నేళ్లు తెలీదమ్మా. ముందు పోయి చూపించుకోనీ. వచ్చినాక బిందెల మాట మాత్రం నేను వదలను.

అనంతపురం నర్సు:
వదలొద్దు పెద్దమ్మా. జమ్మలమడుగు చెల్లెలా, ఒక పక్క నొప్పి, భుజం సలుపు, కళ్లు తిరగడం, గంటకో ప్యాడు తడిచిపోవడం, వీటిలో ఏది వచ్చినా రాత్రి పగలు చూడకుండా 108కు ఫోన్ చేయి.

జమ్మలమడుగు కోడలు:
మీ మాటలన్నీ మా అత్తకు చదివి వినిపించినా. కర్నూలు అక్క రాసింది విని లేచి చీర మార్చుకుంది, నాతోపాటు ఆమే వచ్చింది. బస్సులో ముందు సీటు అడిగి ఇప్పించింది. స్కానింగులో ఇంకా ఏమీ కనబడలేదు. రక్తంలో మొదటి అంకె 900, రెండు రోజులకు 1,750. పది రోజులకు మళ్లీ రమ్మన్నారు. నా గ్రూపు ఓ పాజిటివ్ అంట. మరక నిన్నటి నుంచి లేదు. దిండ్లు తీసేసినాం, నీళ్ల బిందె మాత్రం మా ఆయన మోస్తాండాడు.