అప్‌డేట్: ఉద్యోగంతోపాటు పరిచర్యలో నిలకడ గురించి నేను అడిగిన ప్రశ్న

సబ్‌స్టేషన్‌లో షిఫ్టు పని చేస్తూ, మా పల్లె సంఘంలో పిల్లలకు వాక్యం నేర్పుతున్న నేను, ఫలితం కనబడనప్పుడు ఎలా కొనసాగాలని ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ వందనాలు.

నెల్లూరు, ఒంగోలు మిషన్ చరిత్ర చదవమని ఒక పెద్దాయన చెప్పిన మాట నాకు ఎక్కువ మేలు చేసింది. 1836లో ఆరంభమైన ఆ అమెరికన్ బాప్టిస్టు పని ఏళ్ల తరబడి కొద్దిమంది విశ్వాసులతోనే సాగింది. దాన్ని మూసివేయాలన్న చర్చ ఒకటికి రెండుసార్లు వచ్చినా మిషనరీ లైమన్ జూయెట్ వదిలిపెట్టలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయితే నన్ను కదిలించింది ఆ సంఖ్య కాదు. అంతకుముందు కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. మట్టిపని కూడా ఆయనకు పరిచర్యే. కొరింథులో డేరాలు కుట్టిన పౌలుకూ అంతే.

అందుకే ఇప్పుడు రాత్రి షిఫ్టులో మీటర్ రీడింగులు లాగ్‌బుక్‌లో రాసేటప్పుడు, ఒక్క గడి కూడా అంచనాతో నింపకుండా, ప్రభువు ఎదుట చేసే పనిగానే రాస్తున్నాను. అలసట పూర్తిగా పోలేదు. పాస్టరుగారితో మాట్లాడాక చిన్నపిల్లల తరగతిని సంఘంలోని ఒక సహోదరి తీసుకున్నారు. పెద్దపిల్లలకు యోసేపు చరిత్రను నేను మొదలుపెట్టాను.