ప్యాంటు వేసుకోవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది, 56 ఏళ్లకే ఇలానా?

పరకాల_పొలంగట్టు:

అందరికీ నమస్తే. నాకు 56. హన్మకొండలో ఉంటాం, సొంతూరు పరకాల దగ్గర. షుగర్ ఉంది, తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, అదుపులోనే ఉంది. రోజూ పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నాలుగైదు కిలోమీటర్లు నడుస్తా, వానొస్తే తప్ప మానను. అందుకే నాకు కాళ్ల సమస్య వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఈ మధ్య ప్యాంటు వేసుకుందామని ఒక కాలు ఎత్తితే చాలు, రెండో కాలు గజగజ ఊగుతోంది. మొదట్లో బీరువాకు భుజం ఆనించి వేసుకున్నా, ఇప్పుడు మంచం మీద కూర్చుని వేసుకుంటున్నా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల ఊరికి పోయి మోటరు చూసొద్దామని పొలం ఒడ్డు మీద నడుస్తుంటే, అదీ కొత్త ఒడ్డేం కాదు, చిన్నప్పుడు ఉరుకుతూ బడికి పోయిన ఒడ్డే, కాలు జారి నాటేసిన మడిలో పడ్డా. దెబ్బేం తగల్లేదు, బురదే. నా వెనకాలే మా అమ్మ వస్తోంది, 78 ఏళ్లు, నెత్తి మీద గడ్డిమోపు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. మోపు దించకుండానే "పైలం బిడ్డా" అని చెయ్యిచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని లేచా. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదంటే నమ్మండి.

ఒక ఆస్పత్రికి పోతే నన్ను నిలబెట్టి చూసింది కూడా లేదు, నడుముకు ఎంఆర్ఐ రాసి, "వయసు కదా, రోజూ నడవండి" అన్నారు. నడుస్తూనే ఉన్నా కదా సార్ అంటే ఇంకా ఎక్కువ నడవమన్నారు. వయసుతో ఇక ఇంతేనా? చేస్తే తిరిగొస్తుందా? నేల మీద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఆన్చాల్సి వస్తోంది, అది కూడా దీనిలో భాగమేనా?

కాజీపేట_రైలుబండి:

తమ్ముడూ, నాకు 63, రైల్వేలో రిటైర్ అయ్యా, నీ కథే నా కథ, కాకపోతే నేను పడింది బురదలో కాదు, ఇంటి మెట్ల మీద. ముందు ఒకటి చెప్తా, బండ్ మీద నడక గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, కానీ నేల సాపుగా ఉంటుంది, కాలు ఎక్కడ పెట్టాలో ఆలోచించే పనే లేదు. అట్ల పదేళ్లు నడిచినా ఒంటికాలి మీద నిలబడే ఓపిక రాదు. పొలం ఒడ్డు మీద ప్రతి అడుగుకూ చీలమండ అటూ ఇటూ సర్దుకోవాలి. మీ అమ్మ అరవై ఏళ్లుగా రోజూ ఆ పనే చేస్తోంది, నువ్వు ముప్పై ఏళ్ల కింద మానేశావు.

గోడ పక్కన నిలబడి ఒక కాలు ఎత్తు, ఆ పాదాన్ని రెండో కాలి పిక్కకు వెనక ఆనించి, చేతులు కిందికి వదిలి, 10 సెకండ్లు ఉంటావేమో చూడు. 2022లో బ్రెజిల్ డాక్టర్లు 51 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 1,702 మందితో ఇదే చేయించారు, ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు, అలాంటివాళ్లలో ఆ తర్వాతి ఏళ్లలో చనిపోయినవాళ్లు ఎక్కువగా ఉన్నారని తేలింది. ఒంటికాలి మీద నిలబడలేకపోవడం వల్ల చనిపోయారని కాదు, ఒంట్లో ఇంకేదో సరిగా లేదని అది చెప్తుందంతే. నేను మొదటిసారి ఆరు సెకండ్లే ఉన్నా. తర్వాత పళ్లు తోముకునేటప్పుడు ఒక కాలు, గడ్డం గీసుకునేటప్పుడు ఇంకో కాలు. యూట్యూబ్‌లో చూసి కళ్లు మూసుకుని కూడా చేద్దామని పోయి సబ్బుపెట్టెతో సహా కింద పడబోయా, ఆ తెలివి మాత్రం నువ్వు చేయకు.

ఓరుగల్లు_చలాకీ:

ఇదంతా ఎందుకు సార్, వయసొస్తే కాళ్లు వణకవా? వెస్ట్రన్ టాయిలెట్ పెట్టించుకోండి, బాత్రూంలో గోడకు రాడ్ పెట్టించుకోండి, అయిపోయింది.

ఫిజియో_సుబేదారి:

చలాకీ గారూ, రాడ్ పెట్టించాల్సిందే, తడి బాత్రూంలో పడ్డవాళ్లను నేను రోజూ చూస్తా. కానీ ప్యాంటు వేసుకునే చోట, పొలం ఒడ్డు మీద రాడ్ ఉండదు కదా.

పరకాల గారూ, మీరు రాసినదాంట్లో నాకు మొదట కనపడింది వయసు కాదు, షుగర్, తొమ్మిదేళ్ల మెట్‌ఫార్మిన్. మనిషి పడకుండా నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు రావాలి: కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు-కీళ్లు. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే అరికాళ్ల నుంచి వచ్చే కబురు మందగిస్తుంది, మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గుతుంది, అది తగ్గినా నరాలు దెబ్బతింటాయి. మిమ్మల్ని ఒకటి అడుగుతా, ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు వాష్‌బేసిన్ మీదికి తూలినట్టు అవుతుందా? రాత్రి కరెంటు పోతే గోడ వెతుక్కుంటారా? అయితే మీ కాళ్లు చేయాల్సిన పని కళ్లు చేస్తున్నట్టు. షుగర్ డాక్టర్ దగ్గర సన్నటి నైలాన్ తీగతో అరికాలు తాకి చూస్తారు, ట్యూనింగ్ ఫోర్క్ అనే, తడితే అదిరే లోహపు కడ్డీని బొటనవేలి మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. ఐదు నిమిషాల పని. అడిగి మరీ చేయించుకోండి, బి12 కూడా.

బీపీ మాత్రలు గానీ ప్రోస్టేట్ మాత్రలు గానీ వాడుతుంటే పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపల ఒకసారి బీపీ చూడాలి, పై నంబరు 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే డాక్టర్‌కు చెప్పండి, మీ అంతట మీరు మాత్ర మానకండి. పక్కకు తిరిగి పడుకుంటే గది గిర్రున తిరిగితే అది చెవి సంగతి, దానికి తలను ఒక పద్ధతిలో తిప్పి నయం చేస్తారు, ఏళ్లకేళ్లు మాత్రలు మింగక్కర్లేదు. ఇంకోటి చాలామంది పట్టించుకోరు, దగ్గరిచూపు దూరపుచూపు ఒకే అద్దంలో ఉన్న కళ్లజోడుతో మెట్లు దిగితే కింది భాగంలోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది. తల వంచి చూడండి.

ఇక చేయాల్సింది. వంటింటి గట్టు దగ్గర నిలబడండి, అది కదలదు, కుర్చీ అయితే జారుతుంది. రెండు చేతులూ గట్టు మీద పెట్టి మడమలు లేపి దించండి, పదిసార్లు. తర్వాత ఒంటికాలి మీద, మొదట చెయ్యంతా ఆనించి, కొన్ని రోజులకు రెండు వేళ్లు, తర్వాత ఒక్క వేలు. తర్వాత ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు తాకేలా గట్టు వెంబడి నడక. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం మాత్రం రోజూ ఉండాలి, లేచేటప్పుడు గబుక్కున లేవండి, కూర్చునేటప్పుడు నిదానంగా. గబుక్కున ఎందుకంటే కాలు జారినప్పుడు ఇంకో కాలు ఎంత తొందరగా ముందుకు పడుతుందన్నదే మిమ్మల్ని కాపాడేది, వయసుతో బలం కంటే ముందు ఆ వేగమే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకు వారంలో కనీసం 3 రోజులు ఇలాంటివి చేయమంటుంది, కానీ అంతవరకు ఆగమని ఎక్కడా లేదు. మీ అమ్మగారిని చూసి మీరు మాత్రం వట్టి కాళ్లతో పొలానికి పోకండి, షుగర్ ఉన్న పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు.

గునుగుపూల_అక్క:

ఫిజియో మేడం చెప్పినవి బాగున్నాయి, నేల మీంచి లేవడం గురించి నేను చెప్తా. నాకు 61. నాలుగేళ్ల కింద మోకాళ్ల నొప్పులని కింద కూర్చోవడం పూర్తిగా మానేశా, ఒక డాక్టర్ గారే మానమన్నారు, తప్పనను. కానీ రెండేళ్లు అలా మానేసరికి, ఆ ఏడు వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు బతుకమ్మ ఆడుదామంటే నాలుగు సుట్లు తిరగలేకపోయా. ఆడినవాళ్లకు తెలుసు, అది ఊరికే తిరగడం కాదు, పక్కకు అడుగేయాలి, వంగాలి, చప్పట్లు కొట్టాలి, లేవాలి, ముందున్న ఆమె చీర అంచు తొక్కకూడదు. నేను వంగగానే ముందుకు తూలా, పక్కనున్న పిల్ల పట్టుకుంది. పోయి మెట్ల మీద కూర్చుని చెప్పులకు కాపలా ఉన్నా. ఏడుపొచ్చింది.

తర్వాత ఏం చేశానంటే కుర్చీతో మొదలుపెట్టా, కుర్చీ నుంచి లేవడం సులువయ్యాక దివాన్, అది కూడా అలవాటయ్యాక స్టూల్, చివరికి పీట. నెలకో మెట్టు అనుకోండి. మోకాలు నొప్పిగా ఉన్న రోజు ఒక మెట్టు పైకి పోయేదాన్ని, పంతానికి పోలేదు. ఇప్పుడు పీట మీద కూర్చుని కూరగాయలు తరిగి, ఒక చెయ్యి తొడ మీద పెట్టుకుని లేస్తున్నా. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. కానీ పోయినేడు సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర చీకటి పడేదాకా ఆడా. మగవాళ్లకు బతుకమ్మ లేదు కాబట్టి, అన్నా, మీరు ఇంట్లో ఎవరూ చూడనప్పుడు పక్కకు అడుగులేస్తూ వంగి లేవండి, నవ్వొస్తే నవ్వుకోండి.

పరకాల_పొలంగట్టు:

ఆరు వారాలైంది, చెప్దామని వచ్చా. మేడం అడిగిన సబ్బు సంగతి నిజమే, నేను ఎప్పుడూ పట్టించుకోలేదు, కళ్లు మూయగానే నుదురు కుళాయికి తాకేది. బి12 చేయిస్తే 148 వచ్చింది, ల్యాబ్ కాగితం మీద 200 పైన ఉండాలని ఉంది. ఇంజెక్షన్లు రాశారు, నడుస్తున్నాయి. ఎడమ బొటనవేలి మీద ఫోర్క్ అదురు సగమే తెలిసింది, కుడిది బాగానే ఉంది. ఎంఆర్ఐ ఇంకా తీయించలేదు, దానికీ దీనికీ సంబంధం లేకపోవచ్చని కొత్త డాక్టర్ అన్నారు.

గట్టు దగ్గర రోజూ చేస్తున్నా, మా ఆవిడ టీ పెట్టుకోనివ్వడం లేదని గొడవ. మొదటి వారం ఎడమ కాలి మీద నాలుగు సెకండ్లు, ఇప్పుడు పదకొండు. కుడి కాలి మీద ఇరవై దాటింది. ప్యాంటు నిలబడే వేసుకుంటున్నా, బీరువా పక్కనే, కానీ ఆనుకోకుండా. ఊరికి పోయినప్పుడు అమ్మకు చూపిస్తే ఇదేం ఆట అని, గచ్చు మీద తానూ ఒంటికాలి మీద నిలబడి, చేతిలో చేట అలాగే పట్టుకుని బియ్యం చెరుగుతూ, నన్ను లెక్కపెట్టమంది. ముప్పై దాకా లెక్కపెట్టి నేనే ఆపా.

ఒక్కటే అనుమానం. ఎడమ కాలు వెనకబడింది కదా, రెండింటికీ సమానంగా చేయాలా, దానికే ఎక్కువ చేయాలా?

ఫిజియో_సుబేదారి:

ముందు ఎడమ కాలుతో మొదలుపెట్టండి, అలసట లేనప్పుడే, చివర్లో దానికే ఇంకోసారి చేయండి. కుడి కాలిని మానకండి. ఇంజెక్షన్ల కోర్సు అయ్యాక మళ్లీ బి12 చూపించుకోండి. అమ్మగారికి చేట కింద పెట్టి నిలబడమని చెప్పండి, 78 ఏళ్లు కదా.