"ఫైర్ డామేజ్ చేసే స్పెల్": ఈ "చేసే"ని ఎలా తీసుకోవాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే రోల్‌ప్లే గేమ్) 3.5 ఎడిషన్ రూల్స్‌లో ఫ్లెష్ గోలెమ్ (శవాల ముక్కలతో కుట్టి మ్యాజిక్‌తో కదిలించే జీవి) గురించి మాలో పెద్ద వాదన నడుస్తోందండి. స్పెల్ రెసిస్టెన్స్ (మంత్రాన్ని అడ్డుకునే శక్తి) వర్తించే స్పెల్ ఏదీ దానికి తగలదు అని రాసి, ఆ కిందే మినహాయింపు ఇచ్చారు: కోల్డ్ గానీ ఫైర్ గానీ డామేజ్ చేసే మ్యాజిక్ అటాక్ దాన్ని 2డి6 (రెండు ఆరు ముఖాల పాచికల మొత్తం) రౌండ్లు స్లో చేస్తుంది, సేవింగ్ త్రో (ప్రభావం నుంచి తప్పించుకోడానికి వేసే పాచిక) లేదు అని. మావాడు ఫైర్‌బాల్ వేసి "డామేజ్ చేసే" అని ఉంది కాబట్టి స్లోతో పాటు డామేజ్ కూడా పడాల్సిందే అంటాడు, డీఎం (ఆట నడిపేవాడు) ఒప్పుకోవట్లేదు. ఎవరిది కరెక్ట్?

—

డీఎందే కరెక్టండి. "చేసే" తద్ధర్మ విశేషణం, అది స్పెల్ గుణం చెప్తుంది అంతే, ఈసారి ఏం జరిగిందో చెప్పదు. "కరిచే కుక్క ఎదురొచ్చింది" అంటే కరిచిందని కాదు కదా. "చేసిన" అని ఉంటే మీవాడి వాదనకి బలం ఉండేది. రూల్ రాసినవాళ్ళ ఉద్దేశం ఆ పక్క వాక్యంలోనే ఇంకా బాగా తెలుస్తుంది చూడండి, కరెంటు డామేజ్ చేసే అటాక్ అయితే స్లో పోయి, మామూలుగా అయితే పడేదాంట్లో ప్రతి 3 పాయింట్లకి 1 చొప్పున గోలెమ్‌కి హీల్ అవుతుంది అన్నారు. అంటే 30 డామేజ్ పడాల్సిన లైట్నింగ్ బోల్ట్ వేస్తే దానికి ఒక్క గీత కూడా పడదు, పైగా 10 పాయింట్లు కోలుకుంటుంది. "మామూలుగా అయితే" అనడంలోనే ఇక్కడ పడట్లేదని ఉంది. కాబట్టి ఫైర్‌బాల్‌కి స్లో ఒక్కటే, డామేజ్ సున్నా.

—

మరి యాసిడ్ యారో సంగతేంటండి? అది తగులుతుందనే విన్నాను.

—

తగులుతుంది, ఎందుకంటే ఆ స్పెల్ వివరణలోనే స్పెల్ రెసిస్టెన్స్ లేదు అని ఉంది. "మ్యాజిక్‌కి ఇమ్యూనిటీ" అన్న హెడ్డింగ్ చూసి ఏ మ్యాజిక్కూ పనిచేయదనుకుంటారు చాలామంది, నిజానికి చూడాల్సింది స్పెల్ దగ్గరున్న ఆ లైన్. అదే యారో క్లే గోలెమ్ మీద వేస్తే మాత్రం దాన్ని హీల్ చేసినట్టే, యాసిడ్‌కి దానికి విడిగా రూల్ ఉంది. ఏ గోలెమ్ కింద రాసింది ఆ గోలెమ్‌కే.

—

ఒక్క మాట, 2014లో వచ్చిన 5వ ఎడిషన్‌కి ఇది పట్టుకెళ్ళకండి. అక్కడ మ్యాజిక్ రెసిస్టెన్స్ అంటే స్పెల్స్ మీద సేవింగ్ త్రోకి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) మాత్రమే, సేవ్ అయినా ఫైర్‌బాల్ సగం డామేజ్ పడుతుంది. ఐరన్ గోలెమ్ అయితే ఫైర్‌ని పీల్చుకుని హీల్ అవుతుంది, అది వేరే రూల్.