విక్టోరియా జలపాతం: వేసవి సెలవుల్లోనా, దసరాకా?

ప్రశ్న (హైదరాబాదు నుంచి)
నమస్కారం. వచ్చే ఏడాది నేను, నా భార్య, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ కలిసి ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే సరిహద్దులో ఉన్న విక్టోరియా జలపాతానికి వెళ్లాలనుకుంటున్నాం. బడి సెలవులను బట్టి మాకు వేసవి, దసరా తప్ప వేరే వీలు లేదు. అక్కడ ఏప్రిల్‌లో నీరు అత్యధికంగా ఉంటుందని చదివాను కనుక, సెలవులు ఇవ్వగానే బయలుదేరాలని నా ఆలోచన. బస జాంబియా వైపు మంచిదా, జింబాబ్వే వైపు మంచిదా అన్నది కూడా తేలడం లేదు. చూసి వచ్చినవారు దయచేసి చెప్పండి.

జవాబు (లుసాకా నుంచి)
నేను జాంబియా రాజధాని లుసాకాలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడికి దాదాపు 480 కిలోమీటర్ల దూరంలో, జలపాతానికి దగ్గర్లో జాంబియా వైపు ఉన్న లివింగ్‌స్టన్ ఊరికి వేర్వేరు నెలల్లో నాలుగుసార్లు వెళ్లాను. నీరు ఎంత ఎక్కువగా ఉంటే జలపాతం అంత బాగుంటుందన్న లెక్క ఇక్కడ కుదరదండి. కుంతాల దగ్గర మనం కింద నిలబడి తలెత్తి చూస్తాం; ఇక్కడ జాంబెజి నది 1,708 మీటర్ల వెడల్పున, సుమారు 108 మీటర్ల లోతున్న ఇరుకైన లోయలోకి దూకుతుంటే, మనం ఆ లోయకు ఇవతలి గట్టు మీద, దాదాపు నది ఎత్తులోనే, ఎదురుగా నిలబడి చూస్తాం. వరద ముమ్మరంగా ఉన్నప్పుడు లోయలోంచి లేచిన తుంపర పైకెగసి మళ్లీ మన నెత్తిమీదే కుండపోతగా కురుస్తుంది. ఏప్రిల్‌లో జాంబియా వైపున్న నైఫ్ ఎడ్జ్ అనే కాలివంతెన మీద నాకు తెల్లటి పొగ కనిపించింది, ఉరుము వినిపించింది, అంతే. స్థానికులు దీన్ని ‘మోసి ఓవా తున్యా’, అంటే ఉరిమే పొగ, అని ఊరికే అనలేదు.

వానలు మార్చితో దాదాపు ఆగిపోయినా ఏప్రిల్‌లో ఇంత వరద ఎందుకంటే, అంగోలాలోనూ వాయవ్య జాంబియాలోనూ కురిసిన నీరు జలపాతానికి ఎగువనున్న బరోట్సే మైదానంలో పరుచుకుని, తీరిగ్గా కిందికి వస్తుంది. తగ్గడం కూడా అంతే నెమ్మది. కాబట్టి సెలవుల మొదట్లో కాక చివర్లో, మే ఆఖరి వారం నుంచి జూన్ మొదటి వారంలోపు వెళ్లండి. అప్పటికి నీరు పుష్కలంగానే ఉంటుంది, పొగ పలచబడి జలపాతమూ కనిపిస్తుంది. జూన్ 12న బడి తెరిచేలోగా ఇంటికి చేరుకోవచ్చు. అక్కడ అది చలికాలం కనుక స్వెట్టర్లు మరవకండి.

జవాబు (విశాఖపట్నం నుంచి)
పై సలహాతో ఏకీభవిస్తూనే దసరా తరఫున ఒక మాట చెబుతాను. అక్టోబరులో జాంబియా వైపు తూర్పు భాగం చాలావరకు ఎండి నల్లని రాతిగోడగా మిగులుతుందన్నది నిజమే కానీ, జింబాబ్వే వైపు డెవిల్స్ కేటరాక్ట్ అనే పాయ ఏడాది పొడవునా దూకుతూనే ఉంటుంది. లివింగ్‌స్టన్ ద్వీపం పక్కన, జలపాతం అంచునే ఉన్న డెవిల్స్ పూల్ అనే నీటి గుంటలో దిగడం నీరు తగ్గిన నెలల్లోనే సాధ్యం. అయితే అక్టోబరు ఎండలు మీ అమ్మగారు తట్టుకోలేరు.

పెద్దవారితో వెళ్తున్నారు కనుక బస జింబాబ్వే వైపే మేలు. అటువైపున్న విక్టోరియా ఫాల్స్ ఊళ్లోంచి జలపాతం పార్కు ద్వారం దాకా నడిచి వెళ్లవచ్చు, లోపలి బాటలు చాలావరకు చదునుగా ఉంటాయి, జలపాతంలో ఎక్కువ భాగం కనిపించేదీ అటునుంచే. రెండు దేశాలను కలుపుతూ 1905లో కట్టిన వంతెన దాటి ఒక పూట జాంబియా వైపు కూడా చూడాలంటే, అటు వెళ్లి తిరిగి రావడానికి వీలుండే వీసా ముందే తీసుకోండి.

టికెట్లు కొనేముందు మార్గం చూసుకోండి. ఆడిస్ అబాబా, నైరోబి మీదుగా తిరిగి వచ్చేవారిని మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు, పైగా అరవై దాటినవారికి ఆ టీకా విషయంలో వైద్యుని సలహా తప్పనిసరి. మా నాన్నగారి కోసమే మేము జోహానెస్‌బర్గ్ మీదుగా వెళ్లాం. మలేరియా మాత్రల గురించి కూడా అదే వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఏప్రిల్ ఆలోచన మానుకుని, మే ఆఖరున జింబాబ్వే వైపు దిగాలని నిర్ణయించుకున్నాం. అమ్మ శాకాహారి, భోజనం దొరుకుతుందా?

జవాబు (లుసాకా నుంచి)
దొరుకుతుంది. అక్కడివారి సాడ్జా మొక్కజొన్న పిండితో చేసే సంకటే అనుకోండి. ఆకుకూరతో వడ్డిస్తారు, కూరలో మాంసం కలపవద్దని ముందే చెప్పాలి. ఒక్క పని చేయండి: తేదీలు ఖాయం చేసేముందు పంచాంగంలో పౌర్ణమి ఎప్పుడో చూడండి. ఆ రాత్రుల్లో పార్కు తెరిచి ఉంచుతారు, తుంపర మీద వెన్నెల పడి ఇంద్రధనుస్సు ఏర్పడుతుంది. నాలుగు ప్రయాణాల్లో నేను దాన్ని చూసింది ఒక్కసారే.