ఒకే డేటా, రెండు సాఫ్ట్‌వేర్లు: బైనామియల్ మోడల్ గుణకాలు ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న

నమస్కారం. ఉప్పునీటిలో పెసలు ఎంతవరకు మొలకెత్తుతాయో చూడడానికి ఆరు లవణ స్థాయిల్లో (మీటరుకు 0, 2, 4, 6, 8, 10 డెసిసీమెన్లు) స్థాయికి 50 గింజల చొప్పున ట్రేలలో పెట్టాను. వరుసగా 48, 45, 37, 22, 9, 2 మొలిచాయి. మ్యాట్‌ల్యాబ్ అనే గణన సాఫ్ట్‌వేర్‌లో మోడల్‌ను అమర్చే జీఎల్ఎమ్‌ఫిట్ ఫంక్షన్‌కు మొలిచిన సంఖ్యను మొదటి నిలువు వరుసగా, పెట్టిన 50ని రెండో వరుసగా ఇచ్చి, పంపిణీ బైనామియల్ (ప్రతి గింజకూ మొలిచింది, మొలవలేదు అనే రెండే ఫలితాలు) అని చెప్పినప్పుడు స్థిరపదం సుమారు 3.5, లవణ గుణకం సుమారు −0.63 వచ్చాయి. లైసెన్సు గడువు ముగియడంతో అదే పట్టికను, నిలువు వరుసలను పక్కపక్కన చేర్చే సీబైండ్‌తో కలిపి, ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని జీఎల్ఎమ్ ఫంక్షన్‌కు ఇచ్చాను. ఇక్కడ ఉప్పే లేని నీటికి కూడా మోడల్ అంచనా సగానికి కాస్త పైన ఆగిపోతోంది. హెచ్చరిక ఏదీ రాలేదు. రెండింటిలో దేన్ని నమ్మాలి?

మొదటి సమాధానం

మ్యాట్‌ల్యాబ్ ఫలితాన్నే నమ్మండి, అయితే తప్పు ఆర్‌ది కూడా కాదు. నెల్డర్, వెడర్‌బర్న్ 1972లో ఈ రకం మోడళ్లను (జనరలైజ్డ్ లీనియర్ మోడల్స్, పొట్టిగా జీఎల్ఎమ్) ప్రతిపాదించినప్పుడు చూపిన పద్ధతినే, అంటే భారాలను సవరించుకుంటూ కనిష్ఠ వర్గాల గణనను మళ్లీ మళ్లీ చేసే పద్ధతినే, రెండు ఫంక్షన్లూ వాడతాయి. బైనామియల్‌కు రెండింటిలోనూ లాజిట్ లింకే (సంభావ్యతను లాగ్-ఆడ్స్‌గా, అంటే మొలిచే, మొలవని అవకాశాల నిష్పత్తికి లాగరిథమ్‌గా మార్చే సూత్రం) డిఫాల్ట్. కాబట్టి జవాబులు దశాంశాల దాకా కలవాలి. కలవలేదంటే లోపలికి వెళ్లిన డేటాయే వేరు అన్నమాట.

మీ విషయంలో జరిగింది అదే. మ్యాట్‌ల్యాబ్ రెండో వరుసను మొత్తం ప్రయత్నాలుగా చదువుతుంది. ఆర్ దాన్ని విఫలమైన వాటి సంఖ్యగా చదువుతుంది. 48 మొలిచి 50 మొలవలేదని మీరు చెప్పినట్లయింది, అంటే 98లో 48. మొలవని సంఖ్యలు 2, 5, 13, 28, 41, 48 ఇవ్వండి, గుణకాలు కలుస్తాయి. రెండు వరుసల్లోనూ పూర్ణాంకాలే ఉన్నాయి కనుక ఆర్‌కు అనుమానించే ఆధారమే లేదు. ఇలాంటి మౌనమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

రెండో సమాధానం

ఈ గందరగోళం లేకుండా మొలిచిన నిష్పత్తినే (0.96, 0.90 అలా) నేరుగా ఇవ్వవచ్చు కదా?

మొదటి సమాధానం రాసినవారు

ఇవ్వవచ్చు, కానీ వెయిట్స్ అనే ఆర్గ్యుమెంట్‌లో 50 తప్పక పేర్కొనాలి. అది మరిచిపోతే ఒక్కో నిష్పత్తిని ఒకే గింజ ఫలితంగా ఆర్ పరిగణిస్తుంది. ఇక్కడ అన్ని స్థాయిల్లోనూ 50 గింజలే ఉన్నందున గుణకాలు మారవు, అందువల్ల అంతా బాగానే ఉందనిపిస్తుంది. ప్రామాణిక దోషాలు (గుణకాల అంచనాల్లో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే కొలతలు) మాత్రం 50 వర్గమూలం మేరకు, అంటే ఏడు రెట్లకు పైగా ఉబ్బుతాయి. విజయాల సంఖ్య పూర్ణాంకం కాదన్న హెచ్చరిక ఈసారి వస్తుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు.

మూడో సమాధానం

ప్రశ్న అడిగినవారు స్థాయికి ఒకే ట్రే వాడారా, లేక 25 గింజల ట్రేలు రెండేసి వాడారా? రెండేసి అయితే వాటిని కలపకుండా 12 అడ్డు వరుసలుగానే ఇవ్వడం మేలు. గుణకాలు అవే వస్తాయి, కానీ ఒకే స్థాయిలోని రెండు ట్రేల మధ్య తేడా ఎంతో అప్పుడు బయటపడుతుంది. ఒకే ట్రేలోని గింజలకు తడి, వేడి ఉమ్మడిగా ఉంటాయి కనుక అవి పూర్తిగా స్వతంత్రంగా ప్రవర్తించవు. మిగులు డీవియన్స్ (మోడల్‌కు, డేటాకు మధ్య మిగిలిన తేడా కొలత) తన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (డేటా వరుసల సంఖ్యలోంచి గుణకాల సంఖ్య తీసేస్తే మిగిలేది) కంటే బాగా ఎక్కువగా ఉంటే, ఆ అదనపు చెదురును లెక్కలోకి తీసుకునే క్వాసీబైనామియల్‌ను ఆర్‌లో వాడండి. మ్యాట్‌ల్యాబ్‌లోనైతే అదే పని చేసే ఎస్ట్‌డిస్ప్ ఆప్షన్‌ను ఆన్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మొలవని సంఖ్యలు ఇవ్వగానే 3.5, −0.63 వచ్చాయి, సగం గింజలు మొలిచే లవణ స్థాయి సుమారు 5.5 అని తేలింది. ట్రేలు రెండేసి వాడాను, నోట్‌బుక్‌లో విడి సంఖ్యలు ఉన్నాయి. ఒక్క సందేహం మిగిలింది: ఆర్‌లో మోడల్ అంచనాలిచ్చే ప్రిడిక్ట్ ఫంక్షన్ వాడితే సున్నా లవణానికి 3.5 వస్తోంది. సంభావ్యత ఒకటిని ఎలా దాటుతుంది?

మొదటి సమాధానం రాసినవారు

అది సంభావ్యత కాదు, లాగ్-ఆడ్స్. ఆర్‌లోని ప్రిడిక్ట్ మామూలుగా లింక్ స్కేలులోనే విలువ ఇస్తుంది. టైప్ దగ్గర రెస్పాన్స్ అని రాస్తే 0.97 వస్తుంది. మ్యాట్‌ల్యాబ్‌లోని జీఎల్ఎమ్‌వాల్ నేరుగా సంభావ్యతనే ఇస్తుంది కనుక ఇంతకాలం మీకు ఈ తేడా ఎదురుకాలేదు.